ఉప్పు చూసే మనిషి

గరిటెడు దాల్చా తీసి మొగులప్ప అరచేతిలో పోశాడు యూసుఫ్. “ఎట్లుంది?”

మొగులప్ప గోడవైపు తిరిగి నాలుకతో టప్పున చప్పుడు చేశాడు. “బరాబర్ ఉంది భాయ్,” అంటూ తొట్టి దగ్గరికి పోయి చెయ్యి కడుక్కొచ్చాడు.

“ఎట్ల బరాబర్ ఉంటది? ఇంక ఉప్పే వెయ్యలే.”

మొగులప్ప ఏమాత్రం తడబడలేదు. “నీ చెయ్యి తగిలినంక ఉప్పెందుకు?” అని పళ్ళికిలించాడు.

యూసుఫ్‌కు నవ్వు రాలేదు. పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఒక్కపొద్దున్న రెండు వందల మంది, మసీదు సైరన్ మోగగానే తినబోయే పప్పు, మాంసం కలిసిన దాల్చా అది. దానికి ఉప్పు చూసే పెద్దమనిషి ఈయన!

యూసుఫ్ తాండూరులో పేరున్న వంటమాస్టర్. పెళ్ళిళ్ళకూ దావత్‌లకూ పొయ్యిమీదికి దేగ్చాలు ఎక్కించేది అతనైతే, ఇరవై ఏళ్ళుగా కట్టెలు మోసి దేగ్చాలు దించేది మొగులప్ప. కిందటి చలికాలంలో యూసుఫ్ తలలో గడ్డ ఉందని తేలింది. హైదరాబాద్ పెద్దదవాఖానలో గడ్డ తీశారు, తలకు రేడియేషన్ కరెంటు పెట్టారు, ఆరు వారాలకొకసారి మింగమని గోలీలిచ్చారు. ప్రాణం నిలిచింది గానీ జుట్టు పోయింది. “తాండూరు బండకు పాలిష్ పట్టినట్టున్నది, జర టోపీ పెట్టు భాయ్, కండ్లు చెదురుతున్నయ్,” అని మొగులప్ప అంటే యూసుఫ్ కూడా నవ్వాడు. గోలీలు మింగిన వారం వాంతులకూ అలవాటు పడ్డాడు. అలవాటు కానిది ఒక్కటే, నాలుక. ఏది నోట్లో పెట్టుకున్నా ఇనప మేకు చప్పరించినట్టే ఉండేది. ఉప్పు తెలియదు, పులుపు తెలియదు. ఆ సంగతి మొగులప్పకు తప్ప ఎవరికీ చెప్పలేదు, భార్య రహీమాబీకి కూడా.

అప్పటికే ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. తల కోయించుకున్నవాడు వంటేం చేస్తాడన్నారు. నాలుగు నెలలు ఒక్కరూ పిలవలేదు. ఇంట్లో బోర్లించిన దేగ్చాలను చూస్తుంటే యూసుఫ్‌కు గడ్డ తిరిగి వచ్చినంత బాధగా ఉండేది.

అప్పుడు వచ్చాడు వికారాబాద్ కరీం సాబ్, కట్టెల డిపో ఆసామి. రంజాన్ నెలలో ఇఫ్తార్ దావత్ ఇస్తున్నాడట. వంటవాళ్ళంతా రోజా ఉంటారు, ఒక్కపొద్దు విడిచేదాకా రుచి చూడరు. పోయినేడు దాల్చా ఉప్పు కషాయమై, తల్లి గుల్జార్ బేగం ఇప్పటికీ సాధిస్తోందట. “గోలీలు మింగుతున్నవని నీకు రోజాలు లేవు గద. నువ్వైతే ఉప్పు చూసి దించుతవ్,” అన్నాడు.

ఉప్పు తెలియనివాణ్ణి ఏరికోరి ఉప్పు చూడ్డానికి పిలిచాడన్నమాట. కాదంటే మళ్ళీ పిలిచేవాడుండడు. యూసుఫ్ ఒప్పుకున్నాడు.

రోజాల మాట ఎత్తితేనే అతనికి గుండె కలుక్కుమంటుంది. పదేళ్ళప్పటి నుంచి ఒక్కటీ వదల్లేదు. ఈసారి నీళ్ళు బాగా తాగాలని డాక్టర్ గట్టిగా చెప్పాడు. నెలవంక కనిపించిన నాడు, “నా ఒక్కపొద్దులన్ని పోయినయ్ మొగులప్పా,” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, “ఎటు పోతయ్ తియ్,” అని తేలిగ్గా తీసేశాడు మొగులప్ప.

ఈ పొద్దు తాండూరు స్టేషన్‌లో చాయ్ ఇప్పించబోతే మొగులప్ప కడుపు బాగాలేదన్నాడు. చెవిమీది బీడీ కూడా అట్లాగే ఉంది. కడుపు బాగాలేనివాడు ఉప్పేం చూస్తాడని యూసుఫ్ రైలంతా ఆటపట్టించాడు. ఇప్పుడదే నిజమయ్యేట్టుంది. కరీం ఇంటి పెరట్లో మిగతా పనివాళ్ళంతా రోజాతో ఉన్నారు. ఇంకెవరిని అడగాలి?

నెయ్యి కాగిన వాసనకు యూసుఫ్ కట్టెల వెనక్కి పోయి వాంతి చేసుకుంటుంటే మొగులప్ప అతని తల పట్టుకున్నాడు, చెంబెడు నీళ్ళూ అతనికే తాగించాడు. మే నెల ఎండకు పొయ్యి సెగ తోడై మొగులప్ప పెదవులు కూడా పగిలి ఉన్నాయి.

“భయపడకు భాయ్. ఇరవై ఏండ్ల సంది ఎన్నడు రుచి చూసినవ్? చెయ్యే ఏసేది గద,” అన్నాడు.

యూసుఫ్ కళ్ళు మూసుకుని ఉప్పుడబ్బాలో చెయ్యి పెట్టాడు. ఒక పిడికిలి, రెండు, మూడు. నాలుగో పిడికిట్లో సగం వెయ్యగానే చెయ్యి దానంతటదే ఆగిపోయింది. మళ్ళీ గరిటె చాపాడు. మొగులప్ప మళ్ళీ గోడవైపు తిరిగాడు. “గిప్పుడు అసల్ బరాబర్.”

ఆ మాట నమ్మాలో వద్దో తెలియక, యూసుఫ్ అల్లా మీద భారం వేసి మూత పెట్టాడు.

సైరన్ మోగింది. వడ్డన అయ్యేదాకా ఇద్దరూ కూర్చోలేదు. కాసేపటికి కరీం సాబ్ గిన్నె పట్టుకుని పెరట్లోకొచ్చాడు.

“అమ్మీ ఇంకింత దాల్చా తెమ్మన్నది. ఉప్పంటే గిట్ల పడాలె అంటున్నది. పండుగెన్క మా తమ్ముని పెండ్లి ఉంది, యూసుఫ్ భాయ్. నువ్వే రావాలె.”

కరీం సాబ్ పోయాక యూసుఫ్ తువ్వాలతో కళ్ళు తుడుచుకున్నాడు. మనసంతా తేలికైపోయింది. పక్కకు చూస్తే, మొగులప్ప కూలబడి ఆత్రంగా ఖర్జూరం అందుకుంటున్నాడు.

“నీ నాలుక సల్లగుండ, ఇయ్యాల నా ఇజ్జత్ కాపాడినవ్. అయినా పొద్దంత దాల్చా రుచి చూసినోనికి గంత ఆత్రమేంది?” అని ఆటపట్టించాడు యూసుఫ్.

మొగులప్ప ఖర్జూరం నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

“నేనేడ రుచి చూసిన భాయ్, నీ ఒక్కపొద్దులు నేనుంటున్న గద.”