మళ్ళీ చెప్పండి

"పంపిందెవరు?"

లెక్కల టీచర్ గొంతు పెంచేసరికి క్లాసంతా గప్‌చుప్ అయిపోయింది. ఆమె వెనక గోడమీది పెద్ద తెరపై ఒకే వాక్యం వెలుగుతోంది: 'అర్థం కాలేదు టీచర్, మళ్ళీ చెప్పండి.' కింద పేరు లేదు. ఉండదు కూడా.

ఈ ఏడే పిల్లలందరికీ ట్యాబ్‌లు ఇచ్చారు. పాఠం మధ్యలో ఎవరైనా ప్రశ్న టైపు చేస్తే అది తెరమీదికి వచ్చేస్తుంది. పేరు కనపడితే బిడియస్తులు అడగరని, పేరు రాకుండా ఏర్పాటు చేశారు. వినడానికి బాగానే ఉంది. తీరా చూస్తే సగం ట్యాబ్‌లకు చార్జింగ్ ఉండదు, మిగతావాటికి నెట్ అందదు. ప్లగ్గుల దగ్గర తోపులాట సర్దేసరికే పీరియడ్‌లో పావు వంతు హరీమంటుంది. అది చాలదన్నట్టు, గోరుచుట్టు మీద రోకటిపోటులా రోజూ ఈ 'మళ్ళీ చెప్పండి' ఒకటి!

మొదట్లో టీచర్ సంబరపడింది. పోనీలే, ఒక్కరైనా అడుగుతున్నారనుకుంది. భిన్నాల కూడిక ఇంకోలా చెప్పింది, కాగితం మడిచి చూపించింది. తీసివేతకు వచ్చేసరికి మళ్ళీ అదే మాట. గుణకారానికీ అదే. ఈలోగా పక్క సెక్షన్ దశాంశాల్లోకి వెళ్ళిపోయింది. హెడ్‌మాస్టర్ స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ "ఏమ్మా, భిన్నాల్లోనే కాపురం పెట్టేశారా?" అన్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడే అనుమానం మొదలైంది. ఇది అర్థంకాక అడగడం కాదు, ఆటపట్టించడం.

"నిన్నే! నువ్వేనా?" టీచర్ చూపు చివరి బెంచీ మీద ఆగింది.

అక్కడ కూర్చునే పిల్లను అందరూ వసపిట్ట అంటారు. బడి మొత్తానికి వినపడేలా మాట్లాడుతుంది కానీ లెక్కల పీరియడ్‌లో మాత్రం నోరు పెగలదు.

"నేను కాదు టీచర్. ఒట్టు!"

"మరి ట్యాబ్ ఎందుకు దాస్తున్నావు?"

"దాయట్లేదు టీచర్, జారిపోతుంటే పట్టుకున్నా."

పిల్లలు ఫక్కున నవ్వారు. టీచర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ట్యాబ్ లాక్కుని బీరువాలో పడేసి తాళం వేసింది.

"రేపు మీ నాన్నను తీసుకురా. అప్పటిదాకా నా క్లాసులో అడుగుపెట్టకు."

వసపిట్ట కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ బయటికి నడిచింది. తెరమీద వాక్యం అలాగే ఉంది. టీచర్ విసురుగా తెర ఆపేసింది.

బెల్లు కొట్టాక ఆమె స్టాఫ్‌రూమ్‌లో కుర్చీలో కూలబడింది. గొంతు మండుతోంది. గెలిచినట్టు మాత్రం లేదు. తలెత్తితే గుమ్మంలో క్లాస్ లీడర్ నిలబడి ఉంది. ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్ల. ఆ అల్లరి ఎవరిదో కాస్త కనిపెట్టమని టీచర్ పురమాయించింది కూడా ఈ పిల్లనే.

"రామ్మా. ఏమైనా తెలిసిందా?"

"వసపిట్టను ఏమీ అనకండి టీచర్. అది పంపలేదు."

"మరెవరు?"

"నేనే."

టీచర్ ఒక్క క్షణం నమ్మలేకపోయింది. "ఏది, ఇవాళ్టిదా?"

"అన్నీ."

"నువ్వా?" ఆమె లేచి నిలబడింది. "కంచే చేను మేస్తే ఇక ఎవరితో చెప్పుకోను? నీవల్ల హెడ్‌మాస్టర్‌తో మాటపడ్డాను. ఏ పాపం ఎరగని పిల్లను గెంటేశాను. నీకు అర్థం కాకపోతే నా దగ్గరికొచ్చి అడిగితే కొడతానా, తిడతానా?"

లీడర్ తల దించుకుంది.

"నోట్లో బెల్లమా? మాట్లాడు! భిన్నాల్లో నీకు అంత కొరుకుడుపడనిది ఏముంది?"

ఆ పిల్ల మెల్లగా అంది.

"నాకు మొదటిసారే అర్థమైంది టీచర్, వెనక బెంచీలవాళ్ళు అడగరుగా."