టోపీ తియ్యాల్సిన పెద్దమనిషి

"మీ మీద తీర్పు ఉంది, ట్రాంటర్ గారూ," అన్నాడు పార్జిటర్.

"నేర్పా? ఉండదూ మరి! ముప్పై ఏళ్ళుగా ఇదే పని," అన్నాడు హెడ్లీ ట్రాంటర్, కుర్చీలో వెనక్కి వాలి. "మీ ఆఫీసు నేల గరుకెక్కింది. ఓసారి మిషను పట్టిస్తే అద్దం చేసి చూపిస్తాను."

చెక్క నేలలు నునుపు చేసే మిషను మోతలో బతికి బతికి హెడ్లీ చెవులు కూడా బాగానే అరిగాయి. పక్కనున్న భార్య మ్యూరియెల్ ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది.

"నేర్పు కాదయ్యా, తీర్పు! కోర్టు తీర్పు! రెండేళ్ళ కిందట ఎవరికో బాకీ ఎగ్గొట్టావట. అందుకే బ్యాంకు మనకి ఇంటి రుణం ఇవ్వనంటోంది."

"నేనా? అప్పా? అప్పుడూ చెయ్యలేదు, ఇప్పుడూ చెయ్యలేదు!"

ఓల్డమ్‌లో ఇళ్ళు కొనుక్కునేవాళ్ళకి బ్యాంకుల్లో రుణాలు కుదిర్చిపెట్టడం పార్జిటర్ వృత్తి. తనఖా అనే మాటలో 'తన' మొదట్లోనే ఉంటుంది గానీ, ఇల్లు తనదయ్యేది మాత్రం ఆఖర్న. ట్రాంటర్ దంపతులకి ఆ మొదలే కుదరడం లేదు. వాళ్ళు అద్దెకున్న ఇంటి ఓనరమ్మ పోయింది. వారసులు ఇల్లు అమ్మకానికి పెట్టి, "శుక్రవారం లోపల రుణం ఖాయమైతే మీకే, లేకపోతే ఇంకొకరికి" అని చెప్పేశారు. మ్యూరియెల్ పెళ్ళయి వచ్చిన ఇల్లు అది. పెరట్లో రూబార్బు మొక్కల మడి ఆవిడ తన చేతులతో వేసింది.

"కోర్టు మీ ఇంటికి కాగితాలు పంపే ఉంటుంది," అన్నాడు పార్జిటర్. "జవాబు రాకపోతే అవతలివాడు చెప్పిందే నిజమనుకుని తీర్పిచ్చేస్తారు. ఆరేళ్ళు ఆ మచ్చ పోదు."

"నాకేం కాగితాలు రాలేదే!" హెడ్లీ గడ్డం గోక్కున్నాడు. ఉన్నట్టుండి భార్య వైపు తిరిగాడు. "మీ తమ్ముడే! ఆ ఏడు చలికాలమంతా మనింట్లో తిష్ట వేశాడుగా ఆల్విన్! నా పేరు చెప్పి ఏ మోటారు సైకిలో కొనుంటాడు."

"మా వాడి జోలికి రాకు. వాడు తిన్నవి నీ పైలు, నీ పైకం కాదు."

"మాంసం పైలు తిన్నవాడు పైకం తినడా?"

పార్జిటర్ ఇద్దరి మధ్యా చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒక బ్యాంకు ఒప్పుకునేలా ఉంది. బాకీ తీర్చేసి, 'నాకు ముట్టింది' అని ఆ దావా వేసినాయన చేత చెప్పిస్తే చాలట. ఆయనెవరో బ్యాంకు దగ్గర ఉండదు, కోర్టు వాళ్ళే చెప్పాలి." ఫోను కలిపి, హెడ్లీకి వినపడేలా స్పీకరు గొంతు పెద్దది చేసి బల్ల మీద పెట్టాడు. అందులోంచి సంగీతం మొదలైంది.

"ఎవడోగానీ మహా కర్కోటకుడు!" హెడ్లీ మండిపడ్డాడు. "పెద్దమనిషైతే వచ్చి తలుపు తట్టాలి. ఓ కప్పు టీ తాగి మాట్లాడుకోవాలి. సరాసరి కోర్టుకెక్కడమేనా?"

"నువ్వు మాత్రం ఆ పబ్బు ఓనరు క్రాబ్‌ట్రీ మీద కోర్టుకెక్కలేదూ?"

"అది వేరు! నేలంతా చేయించుకుని డబ్బెగ్గొట్టాడు వాడు. పార్జిటర్ గారూ, లాయరు లేకుండా నా ఫోన్లోనే దావా వేశాను. కళ్ళజోడు కూడా లేదు చేతిలో! పేరు మొదటి ముక్క కొట్టానో లేదో, గడులన్నీ ఫోనే టకటకా నింపేసింది. గెలిచాను కూడా!"

"గెలిచాడు పాపం," అంది మ్యూరియెల్. "ఇంతవరకూ ఒక్క పెన్నీ రాలేదు. కోర్టు కవర్లు గడియారం వెనక దుమ్ము తింటున్నాయి. విప్పి చదవడు."

"ఒకటి విప్పాను. 'తీర్పు వెలువడింది' అని పైనే ఉంది, చాలదూ? మిగతాది చదువుకుని చెమటలు పట్టాల్సింది క్రాబ్‌ట్రీకి!"

"సరే, ఇప్పుడు చెమటలు మనకి పట్టాయిగా. ఆ దావా వేసినాయన ఇంటికెళ్ళి, టోపీ తీసి, మర్యాదగా బతిమాలుకో."

"జన్మలో ఒకడికి టోపీ పెట్టినవాణ్ణి కాదు, నేను టోపీ తియ్యాలా?"

"తియ్యాలి," అంది మ్యూరియెల్. ఈసారి ఆవిడ గొంతు పెద్దది చెయ్యలేదు. "ఆ ఇల్లు పోతే నేనుండలేను, హెడ్లీ."

ఆ మాట ఎలా వినపడిందో గానీ వినపడింది. హెడ్లీ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

సంగీతం ఆగింది. కోర్టులో ఒకమ్మాయి పలికింది. పార్జిటర్ కేసు నంబరు చెప్పాడు. హెడ్లీ తన పేరూ, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా చెప్పుకుని ఫోను మీదికి వంగాడు.

"అమ్మా, ఆయనెవరైనా సరే, ఎంతైనా సరే, ఇవాళే కట్టేస్తాను. తప్పు నాదేనని ఒప్పుకుంటాను. ఆయన పేరొక్కటి చెప్పు తల్లీ."

అవతల కీబోర్డు టకటకలాడింది.

"మీరు... చెక్క నేలల పనిచేసే ట్రాంటర్ గారేనా అండీ?"

హెడ్లీ మొహం వెలిగింది. "చూశావా మ్యూరియెల్, నా నేర్పు కోర్టుదాకా పాకింది!"

"అది కాదండీ," అంది ఆ అమ్మాయి. "దావా వేసింది కూడా మీరే."