దిగేటప్పుడు సూడు

కిష్టప్ప గాల్లోకి లేచి కొట్టిన బంతి నెట్టు అవతల దుమ్ము లేపింది.

చుట్టూ మూగిన కార్మికులు ఈలలు వేశారు.

త్రినాథరావుకు మాత్రం ఎక్కడైనా కాస్త నీడ దొరికితే చాలుననిపించింది. పగలంతా టైమాఫీసు పని, సాయంత్రమైతే ఫ్యాక్టరీ వాలీబాల్ జట్టు మేనేజరు పని. కాకినాడ నుంచి ఈ పటాన్‌చెరు వైపు వచ్చి తొమ్మిదేళ్ళు. అందులో నాలుగేళ్ళుగా ఫ్యాక్టరీల మధ్య పోటీల్లో ఓడిపోయిన జట్టును వెంటబెట్టుకుని తిరిగిరావడమే సరిపోయింది.

అది 1974 మే నెల. పోటీలు లేని వేసవిలోనే ఫ్యాక్టరీలు ఆటగాళ్ళను మార్చుకునేవి.

పక్క ఫ్యాక్టరీ ఒక బేరం పెట్టింది. ఇక్కడి జట్టులోని పాండురంగాన్ని, ఇంకో మంచి ఆటగాణ్ణి తమకిస్తే, కర్దనూర్ కుర్రాడు కిష్టప్పను వదులుతారట. అక్కడ కిష్టప్పది రోజుకూలీ. ఇక్కడికొస్తే ఏడాది ఆట చూసి పర్మనెంట్ చేస్తారు.

మూడు రోజులు ఆడించి చూసి త్రినాథరావు సంతకం పెట్టాలి.

రెండో రోజు ఆటయ్యాక, కిష్టప్ప బస్సెక్కి వెళ్ళిపోయాక, సైకిల్ స్టాండు దగ్గర ఒక ముసలాయన ఎదురొచ్చాడు. నెత్తికి తువ్వాల, కాళ్ళకు టైరు చెప్పులు.

"సార్, జెర ఒక్క మాట."

"ఏంటయ్యా?"

"గా పొడుగు పిలగాన్ని ఇప్పుడు తీస్కోకుండ్రి."

త్రినాథరావు సైకిలు తాళం తీయబోతూ ఆగాడు.

"ఎందుకని?"

"కుడి మోకాలు మంచిగ లేదు."

"అంతెత్తు ఎగురుతున్నాడు కదయ్యా!"

"అందరు ఎగిరేదే సూస్తరు సార్. మీరు దిగేటప్పుడు సూడుండ్రి. ఎడమ కాలు మీదనే దిగుతడు."

అంతే చెప్పి ముసలాయన రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

మూడో రోజు త్రినాథరావు బంతిని వదిలేసి కాళ్ళనే చూశాడు. ఒకసారి నిజమేననిపించింది. ఇంకోసారి కాదనిపించింది. ఎండకు కళ్ళు మండుతున్నాయి.

ఆట ఆపి కిష్టప్పను పిలిచాడు.

"కాలికి దెబ్బేమైనా తగిలిందా?"

"ఏం లేదు సార్. మంచిగనే ఉన్న."

జవాబు మరీ తొందరగా వచ్చింది. త్రినాథరావుకు ఇంకో ప్రశ్న వేసే ఓపిక లేకపోయింది.

అంతలో పాండురంగం వచ్చి నిలబడ్డాడు.

"సార్, మా ఇంట్ల ఆమెకు ఎనిమిదో నెల. నన్ను ఇప్పుడు పంపకుండ్రి."

"నా చేతుల్లో లేదయ్యా."

ఉంది. కానీ ఉందని చెబితే ఇంకా మాట్లాడాలి. పెద్ద మేనేజరు పొద్దుటి నుంచి రెండుసార్లు మనిషిని పంపాడు, కాగితం ఎక్కడిదాకా వచ్చిందని.

సైకిల్ స్టాండు దగ్గర మళ్ళీ ఆ ముసలాయన.

"సూసిండ్రా సార్?"

"నిన్ను పాండురంగం పంపాడు కదూ?"

"గాయన ఎవరో నాకెరుక లేదు సార్. తీస్కోవద్దంటలేను. ఒక్క ఏడాది ఆగుండ్రి. ఆడకుంట ఉంటె కాలు నిలుస్తది."

"ఏడాది ఆగితే ఇంకెవరో ఎగరేసుకుపోతారు. ఆ కుర్రాడి ఉద్యోగం చెడగొడితే నీకేం వస్తుంది?"

"కాలుంటె ఇంకో నౌకరి దొరుకుతది సార్. కాలే పోతె ఏం దొరుకుతది?"

పరాయివాడి ఉద్యోగం గురించి ఎవరైనా ఎన్నయినా చెబుతారు అనుకున్నాడు త్రినాథరావు.

"వెళ్ళు పెద్దాయనా. నాకు మీటింగుంది."

ముసలాయన చేతులు జోడించాడు. ఇంకేదో అనబోయి, అనకుండా వెనక్కి తిరిగాడు.

ఆ సాయంత్రమే త్రినాథరావు సంతకం పెట్టాడు.

నవంబరులో పోటీలు మొదలయ్యాయి. మొదటి ఆట కిష్టప్ప ఒక్కడే గెలిపించాడు. పెద్ద మేనేజరు త్రినాథరావు భుజం తట్టాడు.

రెండో ఆటలో కిష్టప్ప నెట్టు దగ్గర ఎగిరి, కొట్టి, కుడికాలి మీద దిగాడు.

మళ్ళీ లేవలేదు.

ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే పక్కన పెట్టి చెప్పాడు.

"ఇది పాత దెబ్బేనండీ. ఒక ఏడాది ఆడకుండా ఉండి ఉంటే నయమయ్యేది. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే నడుస్తాడు. ఎగరడం మాత్రం కుదరదు."

ఎగరలేనివాడికి ఆ ఉద్యోగం ఖాయం కాదని త్రినాథరావుకు తెలుసు. మంచం మీద కిష్టప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నేనే దాసిన సార్. పర్మనెంట్ అయితనని దాసిన."

త్రినాథరావు వరండాలోకి వచ్చాడు.

అక్కడ గోడకు చేరగిలబడి ఆ ముసలాయన కూర్చుని ఉన్నాడు.

త్రినాథరావు ఆయన పక్కనే కూలబడ్డాడు.

"నువ్వు చెప్పిందే నిజమైంది పెద్దాయనా. నేను వినలేదు."

ముసలాయన నెత్తి మీది తువ్వాల తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మా వాళ్ళతో మాట్లాడతాను. ఇకమీదట ఆటగాళ్ళను ఎంచేటప్పుడు నా పక్కన నువ్వు కూర్చోవాలి. నీలాంటి కన్ను మా జట్టులో ఎవరికీ లేదు. అసలు అంత దూరం నుంచి ఆ కాలు ఎలా కనిపెట్టావయ్యా?"

ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

నర్సు కాగితం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఆపరేషన్‌కు సంతకమో వేలిముద్రో కావాలె. కిష్టప్ప తల్లిదండ్రులు ఎవరన్న ఉన్నరా?"

ముసలాయన గోడ పట్టుకుని మెల్లగా లేచాడు.

"నేనున్న బిడ్డా," అన్నాడు బొటనవేలు ముందుకు చాపుతూ, "వాని బాపును."