ఒగ్గీ

“మీరొచ్చి సెప్తే గానీ ఆడు ఒగ్గడు మేస్టారూ,” అంది మరిడమ్మ.

సోములు మాస్టారు వాకిట్లో కుర్చీలోంచి కదల్లేదు. చీపురుపల్లిలో ముప్పయ్యేళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. మరిడమ్మ కొడుకు యుగంధర్‌ని జిమ్నాస్ట్‌గా తయారు చేసింది ఆయనే. యుగంధర్ పల్లెకి తిరిగొచ్చి తొమ్మిది రోజులైంది. ఆయన వెళ్ళి చూడలేదు.

“ఇరవయ్యేడేళ్ళోడు. ఒగ్గీమని ఏ నోటితో సెప్పమంతావు?”

“పెద్దాళ్ళందరూ సూసీసినారు. ఇంక లాభం నేదు, ఇంటికి తోలుకుపోండనీసినారు.”

“ఇంకో నెల సూద్దాం. ఎన్ని మాట్లు పడనేదు, ఎన్ని మాట్లు లెగనేదు ఆడు?”

“నెల్లాళ్ళూ ఆడు పడే బాద మీరు సూడరు గదా. నాను సూడాలి.”

మాస్టారు మోకాళ్ళు రుద్దుకున్నారు.

“మాటిచ్చినారు,” అంది మరిడమ్మ. “గురుతుందా?”

గుర్తుంది. పదహారేళ్ళ కిందట ఆమె ఎండుచేపల గంపతో ఇదే వాకిట్లో నిలబడింది. పక్కన మణికట్టుకి సిమెంటు కట్టుతో పదకొండేళ్ళ యుగంధర్. ఈ కోతిగెంతులు ఒగ్గీమని మీరైనా సెప్పండి బాబూ, నా మాట ఇనడు, అని మొత్తుకుంది. మాస్టారు నవ్వారు. “ఒగ్గాల్సిన రోజొస్తే నానే సెప్తాను. అందాకా మరొకలు సెప్పకూడదు.”

నిజానికి యుగంధర్‌కి ఆయన నేర్పిన మొదటి మాటే ‘ఒగ్గీ’. స్కూలు వెనక రెండు సరివి కర్రలు పాతి, మధ్య నీళ్ళ గొట్టం బిగించి బార్ కట్టారు. కింద సముద్రపు ఇసుక. అరచేతులకి పొయ్యి బూడిద. వాడు ఆ గొట్టం చుట్టూ తిరుగుతుంటే క్లాసుల్లో పిల్లలు కిటికీల దగ్గర మూగేవారు. చిక్కల్లా ఒక్కటే. గాల్లోకి లేవడానికి చేతులు వదలాలి కదా, అక్కడ వదిలేవాడు కాదు.

“బయ్యం మేస్టారూ.”

“కింద నానున్నాను గదేటి? నా మాటే ఇను.”

రెండు చేతులూ చాపి కింద నిలబడి, అదను చూసి అరిచారు. “ఒగ్గీ.”

వాడు వదిలాడు. వచ్చి ఆయన గుండెల మీద పడ్డాడు. ఇద్దరూ ఇసుకలో దొర్లారు. లేచాక ఇద్దరి ముక్కుల్లోనూ ఇసుకే.

అదే అలవాటైపోయింది. పెద్ద పెద్ద క్యాంపుల్లో పరాయి కోచ్‌లు వాళ్ళ భాషలో ఎంత అరిచినా వాడి వేళ్ళు విడేవి కావు. పోటీ జరుగుతుండగా కోచ్ నోరు విప్పితే మార్కులు కోస్తారు. అందుకని మాస్టారు రైలెక్కి వెళ్ళి, గ్యాలరీలో జనం మధ్య కూర్చుని అరిచేవారు. ఒకసారి విజయవాడలో పక్క సీటాయన ఉలిక్కిపడ్డాడు.

“ఒగ్గీ అంటే ఏంటండీ? తిట్టా?”

“కాదండీ. వదిలెయ్యమని. మావాడు ఆ మాటకి గానీ ఎగరడు.”

అలా రెండు కంచు పతకాలు, ఒక వెండి. రైల్వేలో ఉద్యోగం. మరిడమ్మ గంప దించింది.

కిందటి నెల ట్రయల్స్‌కి మాత్రం మాస్టారు వెళ్ళలేకపోయారు. మోకాళ్ళ నొప్పులు. “ఇంత వయసొచ్చి ఇంకా నా గొంతేటిరా, ఎల్లిరా,” అని ఫోన్లో నవ్వేశారు. ట్రయల్స్ మర్నాడు పేపర్లో, చేతులు వదలాల్సిన చోట వదలక బార్ మీంచి పడ్డాడని మూడు లైన్ల వార్త వచ్చింది. చదివి, మడిచి, దేవుడి గూట్లో పెట్టారు. మళ్ళీ తియ్యలేదు.

“మేం సెప్పనేదనుకున్నారా?” అంది మరిడమ్మ. “సెల్లి దేవి సెప్పింది. మేనమావ గంగులు సెప్పినాడు. ఆకరికి నాను సెప్పినాను. కన్నతల్లిని, నా నోటితో సెప్పినాను. ఇనడు. మీరు సెప్పాలని సూస్తన్నాడు.”

 మాస్టారు లేచి కండువా వేసుకున్నారు.

ఇద్దరూ ఆటో ఎక్కారు. పల్లె దగ్గరపడే కొద్దీ సముద్రం హోరు వినపడింది. ఇంటి ముందు వలల మీద కూర్చున్న మగవాళ్ళు మాస్టార్ని చూసి లేచి నిలబడ్డారు. దేవి గుమ్మంలోకి వచ్చి చెంబుతో నీళ్ళిచ్చింది.

“పొద్దుటేల నుంచి మంచం కమ్మీ అట్టుకుని ఉన్నాడు మేస్టారూ,” అంది. “ఎంత తీద్దామన్నా రావట్నేదు.”

మాస్టారు కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళారు. మంచం పక్కన నేల మీద కూలబడ్డారు. ఇనప కమ్మీని చుట్టుకున్న ఆ గుప్పిటని చూశారు. కాయలు కాసిన అరచెయ్యి. మణికట్టు మీద పాత మచ్చ. ఆ గుప్పిట కింద తన రెండు చేతులూ చాపి పట్టారు, స్కూలు వెనక పట్టినట్టే.

“నానొచ్చినాన్రా,” అన్నారు చెవి దగ్గరగా వంగి. “కిందే ఉన్నాను. బయ్యం నేదు.”

మరిడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మాస్టారు కళ్ళు మూసుకుని, అదను చూసి, మెల్లగా అన్నారు. “ఒగ్గీ, నాయనా.”

కమ్మీ మీద వేళ్ళు ఒక్కొక్కటే విడి ఆయన చేతుల్లో వాలాయి, డాక్టర్లు ఆశ వదులుకుని ఇంటికి పంపాక కూడా తొమ్మిది రోజులు గట్టిగా పట్టుకునే ఉన్న ఊపిరిని యుగంధర్ ఒగ్గేశాడు.