ఊయల తాడు

ఆ ముసలాయన మళ్ళీ వచ్చాడు.

దెస్పో వంటింటి కిటికీ తెర కొద్దిగా జరిపి చూసింది.

ఇంటి ముందు, తియ్యటి కాయలు కాసే కరోబు చెట్టు దగ్గర ఆగాడు. మాను మీద చెయ్యి వేశాడు. కొమ్మకి కట్టిన ఊయల తాడు పట్టుకుని గట్టిగా లాగి చూశాడు. తర్వాత రాతి మీద కూర్చుని ఇంటికేసి చూడసాగాడు.

చెట్టు అవతల గోల్ఫ్ పచ్చిక మొదలవుతుంది, సముద్రం దాకా. చుట్టూ ఈతకొలనులున్న తెల్లటి విల్లాలు. వాటి మధ్య పాత ఇల్లంటూ మిగిలింది ఇదొక్కటే.

అదీ వాళ్ళ సొంతం కాదు. ఇంటి యజమాని గోల్ఫ్ కంపెనీకి అమ్మేసి పాఫోస్ పట్నం వెళ్ళిపోయాడు. కూల్చే పని మొదలయ్యేదాకా వీళ్ళని ఉండమంది కంపెనీ. ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేదు. ఏళ్ళు గడిచినా, ఇంటి ముందు బండి ఆగితే చాలు, ఖాళీ చెయ్యమనడానికే వచ్చారనుకుంటుంది దెస్పో.

"కంపెనీ మనిషే. కొలతలు చూసుకుంటున్నాడు" అంది శనివారం మొగుడితో.

కోకోస్ లిమసోల్ రేవులో పని చేస్తాడు. వారానికోసారి వస్తాడు.

"ఎవరు నువ్వని అడగొచ్చుగా?"

"అడిగితే నిజం చెప్తాడా?"

"వానొచ్చినా కంపెనీయే పంపిందంటావు నువ్వు" అని నవ్వి బుట్ట తీసుకున్నాడు. "పద, ఆలివ్ కాయలు కోసుకొద్దాం."

కోకోస్ తండ్రి వేసిన ఆలివ్ చెట్టు ఇప్పుడు గోల్ఫ్ మైదానం మధ్యలో ఉంది. నేల చేతులు మారినా, చెట్టు వేసినవాళ్ళ కుటుంబానిదే అక్కడ. వాళ్ళు కాయలు కోస్తుంటే ఓ విదేశీ దొరసాని గోల్ఫ్ కర్ర ఊపుకుంటూ వచ్చింది.

"ఎవరినడిగి కోస్తున్నారు?"

"మా నాన్ననడిగి" అంటూ కోకోస్ ఆమె చేతిలో ఓ పచ్చికాయ పెట్టాడు.

ఆమె కొరికింది. ఆ చేదుకి ముఖం ముడుచుకుని వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చేదాకా మొగుడూ పెళ్ళాం నవ్వుతూనే ఉన్నారు.

ఆ నవ్వు సోమవారం దాకానే నిలిచింది.

"అమ్మా, తాత నా ఊయలకి కొత్త ముడి వేశాడు" అంది రొదూలా. దానికి ఏడేళ్ళు.

"నీతో మాట్లాడాడా? ఏమన్నాడు?"

"ఎంత పైకి ఊగుతావ్ అన్నాడు. సముద్రం కనపడేంత అన్నాను."

"ఇంకా?"

"ఇక్కడ నీకు బాగుందా అన్నాడు."

దెస్పో చేతిలో గరిటె ఆగిపోయింది. పసిపిల్లని పట్టుకుని అడగాల్సిన మాటేనా అది?

మర్నాడు తల్లీకూతుళ్ళు వాకిట్లో పప్పు తింటుండగా ముసలాయన వచ్చాడు. తినేవాళ్ళ ముందు నుంచి ఎవరు వెళ్ళినా, రండి, ఓ ముద్ద తినండి అనడం ఆ ఊరి అలవాటు. ఆమె అనలేదు. ఆయన గోడ దగ్గరే నిలబడ్డాడు.

"ఏం కావాలి?"

"చెట్టు చూసుకుందామని వచ్చానమ్మా."

"చెట్టు చూడ్డానికి పనిగట్టుకుని వస్తారా ఎవరైనా?"

ఆయన సంచిలోంచి సీసా తీసి గోడ మీద పెట్టాడు.

"కరోబు పాకం. పాపకి పాలల్లో కలిపివ్వు."

ఆయన మలుపు తిరగ్గానే దెస్పో ఆ పాకాన్ని కాలవలో పోసేసింది. సాయంత్రానికి చీమలు బారులు తీరాయి. ఒక్కటీ చావలేదు. అయినా ఆమెకి నమ్మకం కుదరలేదు.

మైదానం కాపలాదారు పాంబోస్, కోకోస్‌కి తమ్ముడి వరస. అతన్ని పిలిచి అడిగింది.

"నాకూ తెలీదు వదినా. పక్క ఊరి నుంచి వస్తాడు. ఆ వయసు మనిషిని చూసి భయమేంటి? కావాలంటే గోల్ఫ్ కర్రొకటి తెచ్చిస్తా, దిండు కింద పెట్టుకో."

"నీకేం, నవ్వుతావు. నీకు ఆడపిల్లుంటే తెలిసేది."

పిల్ల చెట్టు కిందకి రాకపోతే వాడికిక్కడ పనేముంటుంది అనుకుంది. కత్తి తెచ్చి ఊయల కోసేసింది. రొదూలా ఎంత ఏడ్చినా వినలేదు. తీసుకెళ్ళి వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో దింపి వచ్చింది. కిటికీలన్నీ మూసేసింది.

ఆ వారమే ముసలాయన వచ్చాడు.

కొమ్మకి వేలాడుతున్న తాడు ముక్కని చాలాసేపు చూశాడు. నెమ్మదిగా వచ్చి తలుపు తట్టాడు.

"అమ్మా, ఎవరైనా ఉన్నారా?"

దెస్పో తలుపు వెనకే నిలబడింది.

"పాపా?"

పలకలేదు. అడుగుల చప్పుడు దూరమైంది. పీడ వదిలిందనుకుంది. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

మరుసటి వారం రొదూలా ఇంటికొచ్చింది. ముసలాయన రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

వచ్చింది కంపెనీ ఇంజనీరు. కరోబు చెట్టు మాను మీద ఎర్రరంగుతో గుర్తు వేశాడు.

"నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలమ్మా."

"నాకు తెలుసు" అంది దెస్పో. "మీరు పంపిన ఆ ముసలాయన్ని చూసినప్పుడే తెలుసు."

"హంబిస్‌నా? మేం పంపడమేంటి?" ఇంజనీరు వింతగా చూశాడు. "ఆయన వల్లే ఇన్నేళ్ళూ మేం ఇక్కడ గడ్డపార దించలేకపోయాం. నేల మాదే, ఇల్లూ మాదే. చెట్టు మాత్రం ఆయన తాత వేసింది, అందుకే ఆయనది. అది అడ్డుంటే కూల్చే యంత్రం లోపలికి రాదు. ఎన్నిసార్లు అడిగినా, దానికి ఊయలుందయ్యా, అమ్మను అనేవాడు."

దెస్పోకి తమ ఆలివ్ చెట్టు గుర్తొచ్చింది.

"మరి... ఇప్పుడెందుకు అమ్మాడు?"

ఇంజనీరు రంగు డబ్బాకి మూత పెట్టాడు.

"తనే ఆఫీసుకొచ్చాడమ్మా. ఊయల తీసేశారు, తలుపు తట్టినా ఎవరూ పలకలేదు, ఆ పాప వాళ్ళు వెళ్ళిపోయినట్టున్నారు, ఇంక ఆ చెట్టు ఉంచుకుని ఎవరిని కాపాడాలి అన్నాడు."