దిబ్బ మీది కర్ర

కర్ర ఒక్క గుంజుకు ఊడి చేతిలోకి వచ్చింది.

సర్వేయర్ దాని కొసకు కట్టి ఉన్న పాత గుడ్డను విప్పి, మెడ మీది చెమట తుడుచుకుని అవతల పారేశాడు.

"ఎవరో గుర్తుకు పాతుకున్నారేమో బావా," అన్నాడు బావమరిది.

"ఈ ఇసుకలో గుర్తేమిట్రా? నా మోకాలు చచ్చిపోతోంది. రేపు కొండెక్కాలంటే చేతికి ఏదో ఒకటి ఉండాలి."

నిజానికి ఆయన కోపం మోకాలి మీద కాదు, శుక్రవారం మీద. వారమంతా ఎండలో కొలిచి పాతించిన హద్దురాళ్లను, లారీ తిరగడానికి అడ్డమని కాంట్రాక్టరు మనుషులు పీకేశారు. అంతటితో ఊరుకోక, పని అయ్యాక తోచిన చోట మళ్ళీ పాతేశారు.

అత్త మీద కోపం దుత్త మీద చూపించే మనిషి. ఇంటికొచ్చి కుర్చీని తిట్టాడు, ఫ్యానును తిట్టాడు. భరించలేక భార్య తమ్ముణ్ణి పిలిచింది.

"మీ బావను రెండ్రోజులు ఎక్కడికైనా తీసుకుపోరా. నాకు కాస్త ఊపిరాడుతుంది."

అలా ఇద్దరూ వీపుకు సంచులు తగిలించుకుని బయల్దేరారు. ఇసుక దిబ్బలు దాటి, అవతలి కొండెక్కి, ఆదివారం సాయంత్రానికి మళ్ళీ అదే దారిన బస్సుకు రావాలి.

దారంతా ఆయనది ఒకటే పాట.

"పీకినవాణ్ణి క్షమిస్తానురా. చోటు ఖాళీగా ఉంటే మళ్ళీ కొలుచుకుంటాం. తప్పు చోట పాతి, ఇదే హద్దని నమ్మించాడు చూడు, వాణ్ణి చెప్పుతో కొట్టాలి."

పీకిన కర్రతో దిబ్బ దిగుతుండగా వెనక నుంచి కేక వినబడింది.

దూరంగా మరో దిబ్బ మీద ఒక ముసలావిడ. చేతిలో నీళ్ల డబ్బా. రెండో చెయ్యి ఊపుతూ ఏదో అరుస్తోంది. గాలికి మాట తెగిపోతోంది.

"మనల్నే పిలుస్తోంది బావా. ఆగుదామా?"

"ఆగితే నెత్తినెక్కుతుంది. ఎండు కర్రకు కూడా హక్కుదారులే. నువ్వు నడు."

ఆ సాయంత్రమంతా గాలి వీచింది. కొండ కింద వేసుకున్న గుడారంలోకీ, తినే తిండిలోకీ ఇసుక వచ్చి పడింది. దానికీ బావమరిదికే తిట్లు పడ్డాయి.

మర్నాడు కొండ ఎక్కి దిగారు. కర్ర బాగానే పనికొచ్చింది.

తిరుగుదారిలో ముసలావిడ మళ్ళీ కనబడింది. మోకాళ్ల మీద కూర్చుని చేతులతో ఇసుక తడుముతోంది. ఎప్పటి నుంచి వెతుకుతోందో, కళ్లు వాచిపోయి ఉన్నాయి. కర్రను చూడగానే లేచి, పడుతూ లేస్తూ వచ్చింది.

"ఇదిగో నీ కర్ర. ఏదో బంగారం పోయినట్టు," అన్నాడు సర్వేయర్.

"కర్ర నాకెందుకు నాయనా? ఎక్కడ పీకావో అది చూపించు. గాలికి అంతా చెరిగిపోయింది."

ఆయన చుట్టూ చూశాడు. ఏ దిబ్బ చూసినా ఒకేలా ఉంది. బస్సుకు వేళవుతోంది. పైగా, తెలియదని ఒప్పుకోవడం ఆయన వంశంలోనే లేదు.

"మా బావ సర్వేయరమ్మా, చూపిస్తాడులే," అన్నాడు బావమరిది, ఆవిణ్ణి ఊరుకోబెట్టడానికి.

ఆవిడ ముఖం విప్పారింది.

"భూమి కొలిచే బాబువా? అయితే నీ మాటకు తిరుగులేదు."

సర్వేయర్ గబగబా నాలుగడుగులు వేసి, కర్రను ఇసుకలోకి బలంగా దింపి, మడమతో చుట్టూ తొక్కాడు.

"ఇక్కడే."

"ఇక్కడేనా బాబూ?"

"ఎన్నిసార్లు చెప్పాలి? ఇక్కడే."

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. తలకు చుట్టుకున్న గుడ్డ అంచు చింపి కర్ర కొసకు కట్టింది. డబ్బాలో నీళ్లు కొంచెం కొంచెంగా కర్ర మొదట్లో పోయసాగింది.

"చిగురిస్తుందని కాబోలు," అన్నాడు సర్వేయర్, దిబ్బ దిగుతూ.

బస్సాగే చోట టీ కొట్టు ఉంది. బావమరిది మనసాగక కొట్టావిణ్ణి అడిగాడు.

"ఎవరమ్మా ఆవిడ? ఎవరో చోటు చూపిస్తే, ఎండు కర్రకు నీళ్లు పోస్తోంది."

"దొరికిందా కర్ర?" టీ కొట్టావిడ గ్లాసులు కడగడం ఆపింది. "ఎవడో దిక్కుమాలినవాడు పీకాడని నిన్నటి నుంచీ పెద్దమ్మ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఆ ఇసుక కిందే మా ఊరుండేది. ముందు బావి పూడిపోయింది. ఆ రోజే పెద్దమ్మ మొగుడు జ్వరంలో నీళ్లు, నీళ్లు అంటూ కన్నుమూశాడు. పెరట్లోనే పూడ్చి, గుర్తుకు ఆ కర్ర పాతింది. మేమంతా ఊరొదిలి వచ్చేశాం. ఇసుక పెరిగినప్పుడల్లా కర్రను అంత పైకి లాగి నిలబెట్టుకుంటూ, రోజూ ఆయనకు నీళ్లు మోస్తుంది ఆవిడ."

సర్వేయర్ చేతిలో టీ చల్లారిపోయింది. శుక్రవారం నుంచీ లోకం మీద మండిపడుతున్న ఆయన కోపానికి ఇప్పుడు అసలు మనిషి దొరికాడు. చెప్పుతో కొట్టాల్సిన మనిషి.

బస్సు వచ్చి ఆగింది.

"ఎక్కుతావా, వెళ్లి నిజం చెబుతావా?" అన్నాడు బావమరిది. ఎన్ని తిట్టినా పల్లెత్తు మాట అనని కుర్రాడు, కొట్టావిడకు వినబడకుండా గొంతు తగ్గించాడు గానీ కోపం తగ్గించలేదు.

సర్వేయర్ దిబ్బల వైపు చూశాడు. వెళ్లి చెప్పినా, అసలు చోటు ఎక్కడో ఆయనకే తెలియదు.

"పోనీలెండి, ఎవరో పుణ్యాత్ముడు చోటు చూపించాడుగా," అంది టీ కొట్టావిడ. "లేకపోతే పెద్దమ్మ ఆ నీళ్లు ఎక్కడ పోసేది?"