పక్క మిషన్ ఆవిడ

“నాది తర్వాత చూద్దువుగాని, ముందు ఆవిడది చెప్పమ్మా,” అన్నాడు డ్రాయింగు మాస్టారు.

డయాలసిస్ గదిలో టెక్నీషియన్ అమ్మాయి ఆ నెల రక్తపరీక్షల కాగితాలు పట్టుకుని నిలబడింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మాస్టారి భార్య టైలరమ్మకి ఒళ్ళు భగ్గుమంది. ఆవిడంటే పక్క మిషన్ మీదున్న లైబ్రరీ ఆవిడ. వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు, ఆ ఇద్దరి రక్తాలూ పక్కపక్క మిషన్లలో తిరుగుతాయి. మిషన్లు ఆగినా మాటలు ఆగవు.

“ఆవిడ సీఆర్‌పీ ఇంకా పద్దెనిమిది మాస్టారూ. మీది నాలుగుకి దిగింది.”

తనది దిగిన సంగతి ఆయన చెవిన పడినట్టే లేదు. మొహం వేలాడేశాడు.

సీఆర్‌పీ అంటే ఒంట్లో ఎక్కడో దాగిన వాపు గుట్టు చెప్పే అంకె. దానికి తోడు మెడలోని చిన్న గ్రంథులు విడిచే హార్మోన్ అంకె ఇంకోటి. అది పెరిగితే ఎముకలు గుల్లబారతాయి. మొగుడి అంకెలు రెండింటినీ టైలరమ్మ కంటికి రెప్పలా కాచుకుంటుంటే, ఆయన పోయి పోయి పరాయి ఆడమనిషి అంకెల మీద బెంగపెట్టుకున్నాడు.

“పన్ను చూపించుకున్నారా?” పక్కకి తిరిగి గద్దించాడు. “చిగురు చీముపట్టి కూర్చుంటే అంకె ఎలా దిగుతుందండీ?”

“రేపు వెళ్తా మాస్టారూ, తిట్టకండి,” అని నవ్విందావిడ. “వదినగారూ, మీరెలా ఉన్నారు? బీపీ, షుగరూ ఏం లేవుగా? చల్లగా ఉండండి.”

వదినగారట! తను వదినైతే ఈయన అన్నయ్య కావాలి. ఆ ముక్క ఒక్కనాడూ ఆవిడ నోట రాదు. ఎప్పుడూ మాస్టారే.

“నాకేం, గుండ్రాయిలా ఉన్నా,” అంది టైలరమ్మ పుల్లవిరిచినట్టు.

నిజంగా గుండ్రాయే. ఆరునెలల కిందట మొగుడికి కిడ్నీ ఇస్తానని పరీక్షలన్నీ చేయించుకుంది. అన్నీ భేషుగ్గా ఉన్నాయన్నారు. రక్తం గ్రూపు కలవలేదన్నారు. ఇరవై రెండేళ్ళ కాపురం, కలవాల్సిన చోట కలవలేదు! ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. సరిగ్గా ఆ తర్వాతే ఈయనకి పక్క మిషన్‌తో మాటలు కలిశాయి.

ఇంటికెళ్ళాక ఇంకో పిడుగు పడింది. మాస్టారి చొక్కాలకి ఎడమచెయ్యి పొడుగునా టిచ్ బటన్లు వేసి కుట్టింది టైలరమ్మ. సూది గుచ్చేటప్పుడు చొక్కా విప్పే పని ఉండదు.

“అలాంటిదే పొడుగు చేతుల జాకెట్టు ఒకటి ఆవిడకీ కుట్టిపెట్టవే. ఆ ఏసీ గదిలో వణికిపోతోంది. జలుబు చేస్తే అంకె మళ్ళీ ఎక్కి కూర్చుంటుంది.”

“కొలతలు మీరు చెప్తారా, నేనే తీసుకోనా?”

“ఛ, అవేం మాటలే!”

కుట్టింది. కసికొద్దీ పసుపు గుడ్డకి ఆకుపచ్చ దారం వేసి మరీ కుట్టింది. ఆవిడ అది తొడుక్కుని “వదినగారి చెయ్యే చెయ్యి” అని మురిసిపోయింది. ఆ కసీ తీరలేదు.

ఆఖరికి ఆవిడ మొగుణ్ణే పట్టుకుంది. లారీ డ్రైవరు. వరండా బెంచీ మీద కూర్చుని ఆపిల్ కొరుక్కుంటున్నాడు.

“లోపల మీ ఆవిడా మా ఆయనా ఒకటే గుసగుసలు. మీకేం అనిపించదా అన్నయ్యా?”

“మీ ఆయన దేవుడమ్మా! ఇరవయ్యేళ్ళుగా కాలుస్తున్న సిగరెట్టు ఆయన మాట మీదే మానేశాను. చేతులు పట్టుకుని అడిగాడు.”

“మరి మీ ఆవిడ అడగలేదా?”

“అడక్కేం! అప్పుడింత అవసరం రాలేదు.”

వీడెవడో వట్టి వెర్రిబాగులవాడిలా ఉన్నాడనుకుని లేచి వచ్చేసింది.

మరుసటి నెల కాగితాలొచ్చాయి. “ఆవిడది మూడు మాస్టారూ! హార్మోన్ కూడా దిగింది. మీవీ అంతే.”

మాస్టారు గాలిలోకి చెయ్యెత్తబోయి, సూది గుర్తొచ్చి ఆగాడు. లైబ్రరీ ఆవిడ ఆ పసుపు జాకెట్టు చేతితోనే కళ్ళొత్తుకుంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పెళ్ళిచూపుల్లో కూడా తనని ఆయన అలా చూడలేదు.

టైలరమ్మ విసురుగా స్టూలు వెనక్కి తన్ని డాక్టరు గదికి నడిచింది. లారీ డ్రైవరు అప్పటికే అక్కడున్నాడు.

“రండమ్మా, మీకే కబురు పెడదామనుకుంటున్నా,” అన్నాడు డాక్టరు.

“మా ఆయనకి మిషన్ మార్చండి. ఆవిడ పక్కన ఇంక ఒక్క రోజు కూడా వద్దు.”

“త్వరలో ఏ మిషనూ అక్కర్లేదేమో లెండి.” డాక్టరు నవ్వాడు. “ఇద్దరి అంకెలూ దిగేదాకా మీకు చెప్పొద్దని మాస్టారు నా దగ్గర మాట తీసుకున్నారు. ఇది కూడా తప్పిపోతే మళ్ళీ ఆ మెట్ల మీద కూలబడతారని భయం ఆయనకి. ఇప్పుడిక మీరు ఊ అనాలి.”

“దేనికి ఊ అనాలి?”

డ్రైవరు లేచి నిలబడి, బెరుకుగా రెండు చేతులూ జోడించాడు.

“నా కిడ్నీ మీ ఆయనకి సరిపోయిందమ్మా, మీది మా ఆవిడకి.”